బాతుకు నీళ్లొక్కటే చాలవు

ఆగస్టులో విజయనగరం జిల్లాలోని ఒక ఊరి చెరువు గట్టున, తల విరిగిన తాటిమోడు ముందు నిలబడ్డాను. రెండు నిలువుల ఎత్తున ఉన్న తొర్రలోంచి గోధుమరంగు తల ఒకటి బయటికి వచ్చింది. కాటుక దిద్దినట్టు కంటిమీదుగా నల్లని చార. కాటన్ టీల్ ఆడపిట్ట. కింద తామరాకుల మధ్య తెల్లని మగపిట్ట కాచుకుని ఉంది. ప్రపంచంలోని అతిచిన్న బాతుల్లో ఇదొకటి. పొదిగిన పిల్లలు ఒకటి రెండు రోజుల్లోనే ఆ ఎత్తునుంచి కిందికి దూకేస్తాయి. బరువు లేని ఒళ్లు, మెత్తని నూగు, దెబ్బ తగలదు.

చలికాలంలో వచ్చే సూదితోక బాతులను చూడటానికి చాలామంది వెళతారు. అవి ఇక్కడ గుడ్లు పెట్టవు. మన చెరువుల్లో పిల్లలను పెంచేవి ఏడాది పొడవునా ఇక్కడే ఉండే బాతులు. ఈలవేసే బాతుకు చెట్టు తొర్ర అయినా, కాకి వదిలేసిన గూడైనా, జమ్ము దుబ్బయినా సరే. ముక్కు కొసన పసుపు ఉండే స్పాట్‌బిల్ బాతు మాత్రం నీటి పక్కన గడ్డిలో, నేలమీదే గుడ్లు పెడుతుంది.

దాని లెక్క చూడండి. రోజుకొకటి చొప్పున పదో పన్నెండో గుడ్లు. అన్నీ పెట్టాకే పొదగడం మొదలుపెడుతుంది, పిల్లలన్నీ ఒకేసారి బయటికి రావాలి కదా! పొదగడానికి సుమారు 24 రోజులు. పిల్లలు ఎగరడానికి దాదాపు రెండు నెలలు. మొత్తం మూడు నెలలకు పైనే గడ్డి, నీరు రెండూ ఉండాలి.

ఆ నీరు లోతుగా ఉంటే లాభం లేదు. మామూలుగా గింజలు తినే తల్లి, గుడ్లు కట్టే వేళకు నత్తల మీద, పురుగుల మీద పడుతుంది, మాంసకృత్తులు కావాలి. పిల్లలకూ మొదటి వారాల్లో అదే తిండి. అవి దొరికేది మోకాలు లోతుకు మించని, ఎండ తగిలే, నాచు పట్టిన అంచుల్లోనే. గట్టును నిటారుగా చెక్కి రాళ్లు పేర్చితే మొదట పోయేది ఆ అంచే. నాకు ఇది నిజంగా బాధ కలిగిస్తుంది: చెరువు అందంగా ఉంటుంది, బాతుపిల్ల ఆకలితో ఉంటుంది.

పిల్లలు పెరిగాక ఎదిగిన బాతుల రెక్కల ఈకలు ఒక్కసారే రాలిపోతాయి. కొత్తవి వచ్చేదాకా, కొన్ని వారాలపాటు, అవి ఎగరలేవు. అప్పుడు దాక్కోవడానికి దట్టమైన జమ్ము కావాలి.

పూడిక తీసేటప్పుడు ఉత్తరపు మూలను వదిలేయమని గట్టుమీద ఉన్న రైతును అడిగాను.

"అక్కడ యంత్రం దిగబడిపోతుంది బాబూ, ఎవరూ తవ్వరు" అన్నాడాయన.