అరసవల్లి లవత్తు ఎందుకు తెగుతోంది? టెక్స్ట్ మాస్కులపై అపోహలు, వాస్తవాలు

ఎల్‌ఈడీ స్క్రీన్ మీద పేర్లు గీత చాటు నుంచి పైకి లేవాలి. పెళ్లి వీడియోకైనా, సిరిమానోత్సవం ప్రోమోకైనా విజయనగరం, శ్రీకాకుళం స్టూడియోల్లో తరచూ అడిగేది ఇదే. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో (వీడియోలో అక్షరాలను, బొమ్మలను కదిలించే అడోబీ సాఫ్ట్‌వేర్) ఇది పెద్ద పనేమీ కాదు. గంటలు పడుతోందంటే కింది నమ్మకాల్లో ఏదో ఒకటి అడ్డం పడుతున్నట్టే.

అపోహ: టెక్స్ట్ మీద మాస్క్ గీసి పొజిషన్‌కి కీఫ్రేములు పెడితే చాలు.

మాస్క్ అంటే లేయర్‌లో ఏ భాగం కనిపించాలో కత్తిరించే ఆకారం, కీఫ్రేము అంటే ఒక ఫ్రేము దగ్గర నమోదు చేసిన విలువ. పెట్టి చూడండి. అక్షరాలతో పాటు మాస్కూ కదిలిపోతుంది, ఏదీ దాగదు. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ లేయర్‌కి ముందు మాస్క్ వేస్తుంది, తర్వాత ఎఫెక్ట్స్, చివర్న పొజిషన్, స్కేల్ లాంటివి. కత్తిరించాక కదుపుతోంది కాబట్టి కత్తిరింపు కూడా వెంటే వస్తుంది. ట్రాన్స్‌ఫామ్ ఎఫెక్ట్ తగిలించినా లాభం లేదు, దాని వంతూ మాస్క్ తర్వాతే.

టెక్స్ట్ యానిమేటర్ ఒక్కటే మాస్క్ కంటే ముందు పనిచేస్తుంది. టైమ్‌లైన్‌లో టెక్స్ట్ లేయర్ తెరిచి, యానిమేట్ పక్కనున్న బాణం నొక్కి పొజిషన్ ఎంచుకోండి. అక్షరాల సైజు 120 పిక్సెళ్లయితే వై విలువ 220 దగ్గర ఒక కీఫ్రేము, 18 ఫ్రేముల తర్వాత 0 దగ్గర ఇంకోటి. రెండింటికీ ఎఫ్9 (కదలికని మెత్తబరిచే ఈజీ ఈజ్) కొట్టండి. ఇప్పుడు పేరు తన చోట కుదురుకున్న ఫ్రేముకి వెళ్లి రెక్టాంగిల్ టూల్‌తో చుట్టూ మాస్క్ గీయండి. గీసేటప్పుడు ఆ లేయర్ సెలెక్ట్ అయి ఉండాలి, లేదంటే మాస్క్ బదులు కొత్త షేప్ లేయర్ పుట్టుకొస్తుంది.

పేరు రెండు వరసలుంటే ఒకే లేయర్‌లో ఇరికించకండి. ఒకటే మాస్క్ ఉంటే పై వరస లేచేటప్పుడు కింది వరస ఉండాల్సిన చోటు మీదుగా పోతుంది, అదంతా బయటికి కనిపిస్తుంది. వరసకో లేయర్, లేయర్‌కో మాస్క్.

అపోహ: మాస్క్ ఒకసారి కొలిచి పెట్టుకుంటే ఏ పేరుకైనా సరిపోతుంది.

ఇంగ్లిష్ టెంప్లేట్లు వాడి వాడి వచ్చిన అలవాటిది. తెలుగులో సగం గొడవ ఇక్కడే. ‘విజయనగరం’లో ఒక్క వత్తు కూడా లేదు. దానికి అతికినట్టు గీసిన మాస్క్‌లోనే ‘అరసవల్లి’ అని మార్చండి, లవత్తు సగం ఎగిరిపోతుంది. ‘పైడితల్లి’కి రెండు చోట్ల దెబ్బ: ఐత్వం కింది భాగం ఒకటి, లవత్తు ఇంకోటి. ‘శ్రీకూర్మం’లో మవత్తు గతీ అంతే.

అందుకే టెంప్లేట్ తయారు చేసేటప్పుడు అసలు పేరు కాకుండా ‘రాష్ట్రం’ అని టైప్ చేసి మాస్క్ కొలవండి. ‘ష్ట్ర’లో రెండు వత్తులున్నాయి కాబట్టి ఆ ఫాంట్ ఎంత లోతుకు దిగుతుందో తెలిసిపోతుంది. అక్కణ్నుంచి ఇంకో 10–15 పిక్సెళ్లు కిందికి అంచు పెట్టండి. పైన గుడి, ఏత్వాలకూ కాస్త చోటు వదలాలి. ఫాంట్ మారిస్తే ఈ కొలత మళ్లీ మొదటికే.

మాస్క్ పెద్దదయితే యానిమేటర్ వై విలువ కూడా పెంచాలన్నది చాలామంది మర్చిపోతారు. మాస్క్ ఎత్తు 240 అయ్యి, వై 200 దగ్గరే ఆగిపోతే మొదటి ఫ్రేములోనే గీత మీద తలకట్లు వరసగా చిన్న చిన్న టిక్కుల్లా తొంగిచూస్తాయి. వై విలువ మాస్క్ ఎత్తుకి తగ్గకుండా చూసుకోండి.

అపోహ: అక్షరం అక్షరంగా వస్తేనే అందం.

ఇంగ్లిష్‌కి సరే. యూనికోడ్ కాని అను ఫాంట్లలో టైప్ చేసిన తెలుగులో అక్షరం వేరు, దాని వత్తు వేరు ముక్క. సాఫ్ట్‌వేర్‌కి అవి వేర్వేరు క్యారెక్టర్లే. అందుకే ‘ల్లి’లో ముందు ‘లి’ వచ్చి కూర్చుంటుంది, వత్తు తీరిగ్గా తర్వాత వస్తుంది. యానిమేటర్ ఏయే అక్షరాల మీద పనిచేయాలో చెప్పే రేంజ్ సెలెక్టర్ వాడుతుంటే అడ్వాన్స్‌డ్‌లో బేస్డ్ ఆన్ అన్న చోట వర్డ్స్ గానీ లైన్స్ గానీ పెట్టండి.

యూనికోడ్ ఫాంట్‌లో వత్తులు విడిపోయి పక్కపక్కన పడుతుంటే తప్పు మాస్క్‌ది కాదు. ప్రిఫరెన్సెస్‌లో టైప్ అనే పేజీలో టెక్స్ట్ ఇంజిన్ ఎంపిక మీ వెర్షన్‌లో ఉంటే, అది లాటిన్ మీద ఉందేమో చూడండి. దక్షిణాసియా భాషల ఇంజిన్‌కి మార్చి, సాఫ్ట్‌వేర్ మూసి తెరిచి, కొత్త ప్రాజెక్టులో టైప్ చేయండి.

అపోహ: ట్రాక్ మ్యాట్ లేయర్ సరిగ్గా టెక్స్ట్ నెత్తిమీదే ఉండాలి.

ట్రాక్ మ్యాట్ అంటే ఇంకో లేయర్ ఆకారం ఉన్నంత మేరే టెక్స్ట్ కనిపించేలా చేయడం. నెత్తిమీదే ఉండాలన్నది పాత మాట. 23.0 వెర్షన్ నుంచి ఏ లేయర్‌నైనా మ్యాట్‌గా ఎంచుకోవచ్చు, ఒకే మ్యాట్‌ని నాలుగు పేర్లకు వాడుకోవచ్చు. మ్యాట్ విడి లేయర్ కాబట్టి ఇక్కడ మామూలు పొజిషన్ కీఫ్రేములే చాలు. పేర్లు ఎక్కువున్న పనికి మా ఓటు దీనికే.

అపోహ: ఫెదర్ ఎంత పెంచితే అంత నున్నగా వస్తుంది.

ఫెదర్ అంటే మాస్క్ అంచుని మసకబరచడం. అది అంచుకి అటు సగం, ఇటు సగం పరుచుకుంటుంది. 60 పెడితే 30 పిక్సెళ్లు లోపల తింటుంది, 30 బయటికి కారుతుంది. గీత చాటు నుంచి లేచే పేరుకి 0 ఉంచండి, అంచు తెగినట్టు ఉంటేనే బాగుంటుంది. ఎడమ నుంచి కుడికి తుడిచినట్టు తేవాలంటే లింక్ గుర్తు తీసేసి అడ్డానికి 60, నిలువుకి 0 ఇవ్వండి. మాస్క్ మొదలయ్యే చోటు కనీసం 30 పిక్సెళ్లు వెనక్కి జరపకపోతే మొదటి అక్షరం ముందే మసగ్గా కనబడిపోతుంది.

అపోహ: డ్రాప్ షాడో ఎక్కడ వేసినా ఒకటే.

కాదు. మాస్క్ ఉన్న లేయర్ మీదే ఆ ఎఫెక్ట్ వేస్తే, తెగిన అక్షరానికి నీడ పుట్టి గీత దాటి కిందికి పడుతుంది, గుట్టు బయటపడుతుంది. మ్యాట్‌తో చేస్తే ఆఖర్న నీడే తెగుతుంది. నీడ లేకుండా పని కానిచ్చేయడం ఉత్తమం. కస్టమర్ పట్టుబడితే మ్యాట్ అంచుని నీడ పట్టేంత వెడల్పు చేయండి.

అపోహ: ఎంపీ4గా రెండర్ చేసినా వెనక ఖాళీగానే వస్తుంది.

హెచ్.264లో ఆల్ఫా (ఏ భాగం ఖాళీగా ఉండాలో చెప్పే ఛానెల్) ఉండదు, వెనక మామూలుగా నలుపే వస్తుంది. క్విక్‌టైమ్‌లో ప్రోరెస్ 4444 ఎంచుకుని, ఛానెల్స్ దగ్గర ఆర్‌జీబీ ప్లస్ ఆల్ఫా పెట్టాలి. ఆ ఫైల్‌ని పెళ్లి వీడియో మీద వేశాక అక్షరాల చుట్టూ సన్నటి నల్ల అంచు కనిపిస్తే మాస్క్‌ని మళ్లీ గీయనక్కర్లేదు. అవుట్‌పుట్ మాడ్యూల్‌లో కలర్ అన్న చోట ప్రీమల్టిప్లైడ్ ఉంటే స్ట్రెయిట్‌కి మార్చి ఇంకోసారి రెండర్ ఇవ్వండి.