లైటు వెలిగినా ‘డివైస్ నాట్ రెడీ’ ఎందుకు?

ఒడిశా సరిహద్దులో పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్ వైపు జన సేవా కేంద్రాల్లో తరచూ వినబడే మాట ఇది: “ఉండమ్మా, మిషను తీసుకోవట్లేదు.” ఖాతాలో పడ్డ డబ్బులు తీసుకుందామని వచ్చిన పెద్దావిడ బొటనవేలు వేలిముద్ర మిషను అద్దం మీద అలాగే పెట్టి ఉంచుతుంది. మిషనులో లైటు వెలుగుతూనే ఉంటుంది. తెర మీద మాత్రం ‘డివైస్ నాట్ రెడీ’. కుర్రాడు వైరు పీకి పక్క హోల్‌లో పెడతాడు. అప్పటికీ కాకపోతే రీస్టార్ట్. వెనక లైన్లో ఉన్నవాళ్లకి టెన్షన్, ఆవిడకేమో తన వేలే అరిగిపోయిందేమోనని బెంగ. వేళ్లు అరిగి ముద్ర పడకపోవడం కూడా ఉన్నదే. కానీ మిషనే సిద్ధంగా లేదని తెర చెబుతున్నప్పుడు తప్పు ఆవిడ వేలిది కాదు. ఈ చిక్కు మూలం ముప్పై ఏళ్ల కిందట ఉంది.

అంతకుముందు కంప్యూటర్‌కి దాదాపు ఏం తగిలించాలన్నా కరెంటు ఆపాల్సిందే. కార్డు బిగించి, దాని మీది చిన్న జంపర్ పిన్నులు మార్చి, ఇంకో కార్డుతో గొడవ పడని నంబరు కుదిర్చి, అప్పుడు ఆన్ చేసేవారు. కీబోర్డు, మౌస్‌ల పాత గుండ్రటి పీఎస్/2 పోర్టు కూడా నడుస్తుండగా పీకి పెట్టడానికి చేసింది కాదు. ఆపరేటింగ్ సిస్టమ్ (విండోస్ లాంటిది) లేచేటప్పుడు ఒకసారి లెక్క చూసుకునేది, ఆపేదాకా అదే లెక్క. డ్రైవర్లు, అంటే పరికరాన్ని నడిపించే ప్రోగ్రాంలు రాసినవాళ్లూ ఆ నమ్మకంతోనే రాశారు: పొద్దున ఉన్న పరికరం రాత్రికీ ఉంటుందని.

ల్యాప్‌టాప్‌లు ఆ నమ్మకాన్ని మొదట కదిలించాయి. 1989లో ఏర్పడిన పీసీఎంసీఐఏ సంఘం రూపొందించిన కార్డులను మెషీన్ నడుస్తుండగానే మార్చుకునే వీలొచ్చింది. 1995లో విండోస్ 95 ‘ప్లగ్ అండ్ ప్లే’ అంది, అంటే తగిలిస్తే చాలు పనిచేస్తుందని. 1996 జనవరిలో యూఎస్‌బీ మొదటి ప్రమాణం వచ్చింది. చెప్పినంత తేలిగ్గా ఏమీ జరగలేదు. 1998 ఏప్రిల్‌లో షికాగోలో కామ్‌డెక్స్ అనే కంప్యూటర్ ప్రదర్శన వేదిక మీద, బిల్ గేట్స్ పక్కనుండగానే, విండోస్ 98కి స్కానర్ తగిలించగానే తెర నీలంగా మారి మెషీన్ ఆగిపోయింది.

ఆ యూఎస్‌బీ వైరు కొసను ఒకసారి దగ్గరగా చూడండి. నాలుగు లోహపు పట్టీల్లో అటూ ఇటూ అంచుల్లో ఉన్న రెండూ కాస్త పొడుగు. అవి కరెంటువి. మధ్య రెండూ డేటావి, పొట్టివి. వైరు గుచ్చగానే ముందు కరెంటు అందాలి, ఆ తర్వాతే మాటలు మొదలవ్వాలని అలా చేశారు. పరికరం ఒక డేటా తీగ వోల్టేజిని 1.5 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌తో పైకి లాగుతుంది. కంప్యూటర్‌కి ‘ఎవరో వచ్చారు’ అని తెలిసేది అప్పుడే. వైరు కదులుతూ ఉండొచ్చని కనీసం 100 మిల్లీసెకన్లు ఆగుతుంది. తర్వాత రీసెట్ చేసి, 1 నుంచి 127 లోపు ఒక అడ్రసు ఇచ్చి, నువ్వెవరివి అని అడుగుతుంది. పరికరం తన కంపెనీ నంబరు, మోడల్ నంబరు చెబుతుంది. వాటికి సరిపోయే డ్రైవర్‌ను కంప్యూటర్ వెతికి పిలుస్తుంది. లైటు వెలగడానికి కరెంటు ఒక్కటి చాలు. మిగతా వరసలో ఎక్కడ ఆగిపోయినా లైటు వెలుగుతూనే ఉండొచ్చు.

రాకను గుర్తించడం ఇలా కుదిరింది. అసలు కష్టం పోవడంతో వచ్చింది. డ్రైవర్ పరికరం నుంచి ఏదో చదువుతుండగా వైరు ఊడిపోతే, ఎదురుచూస్తున్న ఆ పనిని ఎవరు ముగించాలి? దానికి కేటాయించిన మెమరీని ఎప్పుడు వదలాలి? తొందరపడి వదిలితే, ఇంకా తెరిచి ఉన్న ప్రోగ్రాం ఖాళీ అయిన చోటును తడిమి మొత్తం సిస్టమ్‌నే పడేస్తుంది. చెప్పకుండా పీకేయడం కోసమే విండోస్ 2000 డ్రైవర్లకు ‘సర్‌ప్రైజ్ రిమూవల్’ అనే ప్రత్యేక కబురు పంపడం మొదలెట్టింది. విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్. దానిలో యూఎస్‌బీ డ్రైవర్ రాసేవాళ్లు పరికరం వచ్చినప్పుడు నడిచే ‘ప్రోబ్’తో పాటు పోయినప్పుడు నడిచే ‘డిస్‌కనెక్ట్’ కూడా రాయాలి. నా మటుకు, డ్రైవర్ మంచిదా కాదా అన్నది ఆ రెండోదానిలోనే తెలుస్తుంది. లైనక్స్ 2.4 కాలంలో పరికరం వచ్చినా పోయినా కెర్నెల్ (సిస్టమ్ నడిమి భాగం) ఒక్కో కబురుకీ ఒక ప్రోగ్రాంను లేపేది. కబుర్లు వెనకాముందూ అయ్యేవి. 2.6తో వచ్చిన యూడెవ్ అనే ప్రోగ్రాం ఆ పనిని కుదుటపరిచింది.

పర్లాకిమిడి డీటీపీ షాపుల్లో ఇదే చిక్కు పెన్‌డ్రైవ్ రూపంలో కనిపించేది. పెళ్లికార్డు ఫైలు కాపీ అయిందని తెర చెప్పగానే పీకేసేవారు, సగం రాత ఇంకా మెమరీలోనే ఉండిపోయేది. విండోస్ 10లో 1809 వెర్షన్ నుంచి, రాతను మెమరీలో ఆపి ఉంచకుండా, త్వరగా తీసేసుకునే పద్ధతినే ముందుగా పెట్టి ఇస్తున్నారు.

ఇక మిగిలింది గుర్తింపు. యూఎస్‌బీ పరికరం తన సీరియల్ నంబరు చెప్పాలన్న నియమం లేదు, చెబితే మంచిది అంతే. చెప్పని ప్రింటర్‌ను పక్క హోల్‌లో పెడితే విండోస్ దాన్ని కొత్త ప్రింటర్ అనుకుంటుంది. జాబితాలో అదే పేరు పక్కన ‘కాపీ 1’ అని చేరుతుంది. రసీదు మాత్రం పాత పేరుకే వెళ్లి అక్కడే కూర్చుంటుంది. డబ్బు పెట్టి పరికరం కొనేవాళ్లకి ఈ ఒక్క నంబరు ఇవ్వకపోవడం అన్యాయమే.

వేలిముద్ర మిషనుకి మధ్యలో ఇంకో మెట్టు ఉంది. ఆధార్ సంస్థ ఉడాయ్ నిబంధన ప్రకారం ముద్రను ఆర్‌డీ (రిజిస్టర్డ్ డివైస్) సర్వీస్ అనే ప్రోగ్రాం ద్వారానే, డిజిటల్ సంతకం, గుప్తీకరణ అయ్యాకే ఇవ్వాలి. అది కంప్యూటర్‌లోనే 11100 నుంచి 11120 వరకు ఉన్న పోర్టు నంబర్లలో ఒకదానిలో ఉంటుంది. ఇవి వైరు పెట్టే హోల్స్ కావు, ప్రోగ్రాంలు ఒకదాన్నొకటి పలకరించుకునే నంబర్లు. బ్యాంకు పేజీ దాన్ని వెతికి, సిద్ధమా అని అడుగుతుంది. పేజీ తెరిచినప్పుడు ఒక్కసారే అడిగి ఊరుకుంటే, తర్వాత వైరు ఊడి మళ్లీ పెట్టినా ఆ పేజీకి తెలియదు. పరికరం వచ్చినా పోయినా విండోస్ అడిగిన ప్రోగ్రాంలకు కబురు పంపుతుంది. సర్వీస్ ఆ కబురు విని తన స్థితి మార్చుకోవాలి, పేజీ ముద్ర తీసే ప్రతిసారీ మళ్లీ అడగాలి. రాసేవాళ్లకి ఇది పెద్ద పని కాదు. చేయకపోతే రీస్టార్ట్ అయ్యేదాకా నిలబడాల్సింది ఆ పెద్దావిడ.

ల్యాప్‌టాప్ అయితే కరెంటు ఆదా కోసం ఖాళీగా ఉన్న యూఎస్‌బీ పరికరాన్ని విండోస్ నిద్రపుచ్చడం కూడా ఒక కారణం కావచ్చు. డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్ మీద రైట్ క్లిక్ కొట్టి, ప్రాపర్టీస్‌లో పవర్ మేనేజ్‌మెంట్ కింద ఉన్న టిక్కు తీసేయొచ్చు. మిషనుని, ప్రింటర్‌ని రోజూ అదే హోల్‌లో పెట్టడం మేలు.