గుండె మార్పిడి చేయించినా రెండేళ్లేనా? అపోహలు - వాస్తవాలు

"మార్పిడి చేయించినా ఏడాదో రెండేళ్లో కదా డాక్టర్ గారూ, ఆ మాత్రం దానికి ఇంత కోత ఎందుకు?"

హార్ట్ ఫెయిల్యూర్ క్లినిక్‌లో ఈ ప్రశ్న వినకుండా నాకు వారం గడవదు. అడిగేవాళ్ల మీద కోపం లేదు. భయంలో ఉన్న మనిషి ఎవరేం చెప్పినా నమ్ముతాడు. లెక్క తెలియకుండా ధైర్యంగా చెప్పేసేవాళ్ల మీదే నా కోపమంతా. ఈ ఒక్క మాట వల్ల పోయినన్ని ప్రాణాలు ఇంకే అపోహ వల్లా పోవడం నేను చూడలేదు.

ఒకప్పుడు అది నిజమే. 1967 డిసెంబరు 3న కేప్‌టౌన్‌లో క్రిస్టియాన్ బర్నార్డ్ తొలిసారి ఒక మనిషి గుండెను మరో మనిషికి అమర్చారు. ఆ పేషెంట్ 18 రోజులే బతికాడు. మరుసటి ఏడాది చాలా దేశాల్లో ఈ ఆపరేషన్లు చేశారు. ఎక్కువమంది నెలల్లోనే పోవడంతో చాలా ఆసుపత్రులు మానేశాయి. శరీరం కొత్త గుండెను తిప్పికొట్టకుండా ఆపే సైక్లోస్పోరిన్ 1980ల మొదట్లో వాడకంలోకి వచ్చాక పరిస్థితి మారింది. జనం నోట మాత్రం 1968 నాటి కబురే ఇంకా తిరుగుతోంది.

ఇప్పటి లెక్క వేరు. ఆపరేషన్ అయినవాళ్లలో పదింట సుమారు తొమ్మిది మంది మొదటి ఏడాది దాటుతున్నారు. సగం మంది 12 ఏళ్లకు పైనే ఉంటున్నారు. 1982లో ఇంగ్లండ్‌లోని హేర్‌ఫీల్డ్ ఆసుపత్రిలో గుండె మార్పిడి చేయించుకున్న ఒకాయన 33 ఏళ్లు బతికారు. అమెరికాలో 2012లో 2,400 దగ్గర ఉన్న ఈ ఆపరేషన్లు 2022లో తొలిసారి 4,000 దాటాయి.

మరి గుండె బాగా ముదిరిపోయాక మందులతోనే నెట్టుకొస్తే? 2001లో వచ్చిన ఒక పెద్ద ట్రయల్‌లో, మార్పిడికి పనికిరారని తేల్చినవాళ్లలో మందుల మీదే ఉన్నవాళ్లు ఏడాది తిరిగేసరికి నలుగురిలో ఒక్కరే మిగిలారు. అప్పటికన్నా ఇప్పుడు మందులు మెరుగే. అయినా ఆ దశకు వచ్చాక ఎదురుచూడటం క్షేమం అనుకోవద్దు.

ఒకాయన గుర్తొస్తారు. నలభై ఆరేళ్లు, ఈఎఫ్ (గుండె ఒక్కో దెబ్బకు తనలోని రక్తంలో ఎంత శాతం బయటికి నెడుతుందన్న లెక్క) 18. ఒకసారి ట్రాన్స్‌ప్లాంట్ టీమ్‌కు చూపించుకోండని రాసిచ్చాను. బంధువులెవరో "రెండేళ్ల ముచ్చట" అన్నారట, ఇంట్లో ఆ చీటీ మడిచి పెట్టేశారు. పద్నాలుగు నెలల తర్వాత వీల్‌చైర్‌లో తీసుకొచ్చారు. కాలి మీద వేలు నొక్కి తీస్తే ఆ గుంట అలాగే ఉండిపోయింది. "ఇప్పుడు చేయించేస్తాం మేడమ్" అన్నది ఆయన భార్య, పాత చీటీ నా ముందు పెట్టి. కాథ్ (రక్తనాళంలోంచి సన్నని గొట్టం పంపి లోపలి ప్రెషర్ కొలిచే పరీక్ష) చేస్తే ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ప్రెషర్ బాగా పెరిగిపోయి ఉంది, మందులిచ్చినా దిగలేదు. కిడ్నీలూ దెబ్బతిన్నాయి.

ఆలస్యం చేసే నష్టం ఇదే. ఎడమవైపు గుండె నీరసించిన కొద్దీ రక్తం వెనక్కి నిలిచి ఊపిరితిత్తుల నాళాలు బిగుసుకుంటాయి. దాత గుండె కుడి గది గోడ పల్చన, తక్కువ ప్రెషర్‌కు అలవాటు పడినది. ఆ బిగుసుకున్న నాళాల్లోకి ఒక్కసారిగా పంపు చేయమంటే బల్లమీదే చేతులెత్తేస్తుంది. అందుకే ముందే చూపించుకోమని అంత గట్టిగా చెబుతాం.

ఈఎఫ్ తక్కువ అనగానే మార్పిడి అని టెన్షన్ పడకండి. మందులతో కోలుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. కానీ ఏడాదిలో రెండుసార్లు ఆయాసంతో అడ్మిట్ అయినా, బీపీ పడిపోయి మందులు తగ్గించాల్సి వస్తున్నా, నీరు పోయే మాత్ర డోసు పెంచుకుంటూ పోతున్నా, కిడ్నీల పరీక్షలో క్రియాటినిన్ ఎక్కుతున్నా, గుండె లయ తప్పినప్పుడు సరిచేయడానికి ఛాతీలో పెట్టిన ఐసీడీ పరికరం షాకులు కొడుతున్నా, ట్రాన్స్‌ప్లాంట్ టీమ్‌కు పంపమని మీరే అడగండి. చూపించుకున్నంత మాత్రాన ఆపరేషన్‌కు ఒప్పుకున్నట్టు కాదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. దాత గుణాలు రావు, గుండె రక్తాన్ని పంపు చేసే కండరం. డబ్బున్నవాళ్లకే ముందు వస్తుందా? బ్లడ్ గ్రూపు, శరీరం సైజు, ఎంత అపాయంలో ఉన్నారు, ఐస్‌లో పెట్టిన గుండెను నాలుగు గంటల్లోపు అమర్చగలరా, ఇవీ చూసేది. ఆపరేషన్ అయ్యాక మందులు మానేయవచ్చా? ఒక్క పూట కూడా మానకూడదు. కొత్త గుండెను శరీరం తిప్పికొట్టకుండా ఆపే టాక్రోలిమస్ మానేసినవాళ్లను రిజెక్షన్‌తో, అంటే శరీరం ఆ గుండెను తిప్పికొట్టి, ఐసీయూలో చూశాను, అందులో ఇరవై ఏళ్ల పిల్లాడు కూడా ఉన్నాడు.

ఆపరేషన్ అయిన మూడో వారం ఒకాయన రాత్రి ఫోన్ చేశారు. "ఊరికే పడుకున్నా నాడి 98 కొడుతోంది, గుండె పాడవుతోందా?" అని గొంతు వణుకుతోంది. కొత్త గుండెకు నరాలు తెగి ఉంటాయి, వేగానికి కళ్లెం వేసే నరం లేక తన సొంత లయలో 90, 100 కొట్టుకుంటుందని చెప్పాను. ఫోన్ పెట్టేయకుండా కాసేపు అలాగే ఉన్నారు. తర్వాత, "అయితే ఇది దాని మామూలు నడకేనన్నమాట" అన్నారు. మొన్న చెకప్‌కు వచ్చారు, తొమ్మిదో ఏడు నడుస్తోంది.