నిలువు గీత లావెందుకైంది?

ఒకే ఫాంటు, ఒకే మానిటరు. విండోస్‌లో చక్కగా కనిపించే అక్షరాలు పాత లైనక్స్‌లో ఎగుడుదిగుడుగా ఎందుకుండేవని ఒక పాఠకుడు అడిగారు. అప్పట్లో నేను కళ్లజోడు కూడా మార్పించాను! కారణం సగం లెక్క, సగం పేటెంటు.

ముందు లెక్క. ఫాంటు ఫైల్లో ఉండేది అక్షరం అంచుల వంపులే, తెర మీద ఉండేవి గళ్లు, అవే పిక్సెళ్లు. పోచంపల్లి చీర డిజైను గ్రాఫు కాగితం మీద వేస్తారు కదా, నెమలి మెడ ఎంత వంపు తిరిగినా గడి గడిగా మెట్లెక్కాల్సిందే. మెడ ఒకటిన్నర గడి వచ్చిందనుకోండి, ఒకటో రెండో అనుకుని, రెండు నెమళ్లకీ ఒకేలా సర్దేస్తారు. కంప్యూటరుకి ఆ ఇంగితం లేదు. గడి నడిబొడ్డు గీత లోపల పడితేనే ఆ గడి వెలుగుతుంది, అంతే. ఇంగ్లీషు h లో 1.4 గళ్ల లావున్న రెండు కాళ్లున్నాయనుకుందాం. మొదటిది ఎడమ నుంచి 2.2 గళ్ల దగ్గర మొదలై 3.6 దాకా వెళ్తే 2.5, 3.5 నడిబొడ్లు రెండూ లోపలే, రెండు గళ్లు. రెండోది 6.6 నుంచి 8.0 దాకా, లోపలున్నది 7.5 ఒక్కటే. ఒక కాలికి బోదకాలు వచ్చినట్టే! పిక్సెల్ అంటే చిన్న చుక్క అని చెప్పి వదిలేసే మాస్టార్లు పిల్లలతో ఈ లెక్క ఒక్కసారి గళ్ల పుస్తకంలో చేయిస్తే బాగుండు.

నేతగాడి ఇంగితాన్ని ఫాంటులోనే చిన్న ప్రోగ్రాముగా రాసిపెట్టడమే హింటింగ్. యాపిల్ 1991లో ట్రూటైప్ అనే ఫాంటు పద్ధతితో తెచ్చింది, పేటెంట్లూ తీసుకుంది. అంటే ఫాంటు మీ దగ్గరే ఉంటుంది, సూచనలూ అందులోనే ఉంటాయి, వాటిని నడిపితే మాత్రం పేటెంటు అడ్డం! లైనక్స్‌లో అక్షరాలు గీసే ఫ్రీటైప్ వాళ్లు ఆ సూచనలు నడిపే కోడు రాసి కూడా మామూలుగా ఆపేసి ఉంచేవాళ్లు, బదులుగా కాళ్లెక్కడున్నాయో తనే ఊహించి సర్దే ఆటోహింటర్ పెట్టారు. ఊహ ఊహే. 2010 మేకల్లా పేటెంట్ల గడువు తీరింది, జులైలో వచ్చిన ఫ్రీటైప్ 2.4లో ఆ కోడు ఆన్ చేసి ఇచ్చారు. ఇరవయ్యేళ్ల నాటి లెక్క!

తెలుగుకి ఈ కాళ్ల గొడవ తక్కువ, మనవన్నీ గుండ్రాలే. కానీ ప, ఫ తేడా అంతా కిందనుండే బుల్లి గీత. అది సగం గడి లావుండి రెండు నడిబొడ్ల మధ్య పడిందా, ఒక్క గడీ వెలగదు, ఫలం కాస్తా పలం అవుతుంది. దానికీ ట్రూటైప్‌లో వేరే ఏర్పాటుంది, డ్రాపౌట్ కంట్రోల్ అంటారు.