ఇంటి నుంచి పని: బల్ల, గది, కరెంటు మీద అపోహలు - వాస్తవాలు

అపోహ: ఖరీదైన కుర్చీ కొంటే నడుము, మెడ నొప్పులు పోతాయి.

వాస్తవం: ముందు బల్ల ఎత్తు కొలవండి. మన ఇళ్లలో చాలామంది భోజనాల బల్ల మీదో, గోడకు దిగ్గొట్టించిన కడప బండ మీదో పని పెట్టుకుంటారు. అవి సుమారు 75 సెంటీమీటర్ల ఎత్తుంటాయి. అయిదడుగుల మూడంగుళాల మనిషికి అది ఎక్కువ. చేతులు ఎత్తి టైప్ చేయడంతో భుజాలు బిగుసుకుని, సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. మోచేయి బల్ల మట్టానికి వచ్చేదాకా కుర్చీ పెంచండి, లేదా గట్టి దిండు వేసుకోండి. అప్పుడు పాదాలు నేలకు అందకపోతే తొడల కింద ఒత్తిడి పడి కాళ్లు తిమ్మిరెక్కుతాయి కాబట్టి కింద పీట తప్పనిసరి. బండ వెడల్పు 60 సెంటీమీటర్లు ఉండాలి. సామాన్లకని వేయించిన 45 సెంటీమీటర్ల బండ మీద స్క్రీన్ మరీ ముఖం మీదికొస్తుంది.

ఇక ల్యాప్‌టాప్ ఒక్కటే ఉంటే మెడకో చేతులకో ఇబ్బంది ఖాయం. విడిగా కీబోర్డు, మౌస్ కొనండి. స్క్రీన్ పై అంచు కంటి మట్టానికి, చేయి చాపినంత దూరంలో ఉండాలి. బైఫోకల్ అద్దాలవాళ్లు ఇంకొంచెం దించుకోవాలి. ఎత్తుకు పుస్తకాల దొంతర చాలు, గాలి రంధ్రాలు మాత్రం మూసుకుపోకూడదు.

అపోహ: మిద్దె మీది గదిలో సందడి ఉండదు, పనికి అదే మేలు.

వాస్తవం: పొద్దున మేలే. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు, అనంతపురం, కడపల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. స్లాబు పగలంతా తాగిన వేడిని సాయంత్రం నుంచి గదిలోకి వదులుతుంది. పడమటి గోడ దానికి తోడు. ల్యాప్‌టాప్‌కూ ఇది కష్టమే. యాపిల్ తన ల్యాప్‌టాప్‌లను 10 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమంటుంది. లోపల వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. "నెట్ స్లో" అనుకునే మధ్యాహ్నపు వీడియో కాల్ ఇబ్బందుల్లో కొన్నింటికి అసలు కారణం ఇదే. ఎండాకాలానికి కింది అంతస్తులో ఉత్తరం లేదా తూర్పు గది చూసుకోండి. కిటికీ మీకు పక్కగా ఉండాలి. ఎదురుగా ఉంటే కళ్లు చెదురుతాయి, వెనక ఉంటే స్క్రీన్ మెరుస్తుంది.

మన రాయలసీమ పొడి గాలికి కూలర్ బాగా పనిచేస్తుంది, అయితే కిటికీలో పెట్టి ఎదుటి తలుపు తెరవాలి. గది మూసేస్తే తేమ పెరిగి చల్లదనం పోతుంది. గాలి ముఖానికి నేరుగా తగలనీయకండి, కళ్లు ఎండిపోతాయి.

అపోహ: ఇన్వర్టర్ ఉందిగా, కరెంటు పోయినా పని ఆగదు.

వాస్తవం: రౌటర్, ఫైబర్ పెట్టె (నెట్ కేబుల్ వచ్చి చేరే పెట్టె) రెండూ ఇన్వర్టర్ లైన్ మీదే ఉన్నాయా? చాలా ఇళ్లలో ఫ్యాన్లు, లైట్లకే ఆ లైన్ ఇస్తారు. ఉన్నా, మారే క్షణంలో రౌటర్ రీస్టార్ట్ అయితే కాల్ తెగుతుంది. దానికి చిన్న డీసీ యూపీఎస్, అంటే రౌటర్‌కు నేరుగా తగిలించే బ్యాటరీ పెట్టె చాలు. రౌటర్ అడాప్టర్ మీద రాసిన వోల్టు, ఆంపియర్ చూసి కొనండి. డెస్క్‌టాప్ ఉన్నవాళ్లు సైన్ వేవ్ ఇన్వర్టర్ (లైన్ కరెంటు లాంటి కరెంటే ఇచ్చేది) తీసుకుని, త్వరగా బ్యాటరీకి మారే యూపీఎస్ మోడ్‌లో ఉంచాలి.

అపోహ: బ్లూ లైట్ కళ్లద్దాలు కంటి అలసటను ఆపుతాయి.

వాస్తవం: వైద్య పరిశోధనలను కలిపి పరిశీలించే కాక్రేన్ సంస్థ 2023 సమీక్షలో అలాంటి మేలు కనబడలేదు. తెరను చూస్తూ రెప్ప వేయడం తగ్గిపోవడం అలసటకు ఒక పెద్ద కారణం. ఒకే దూరం చూస్తూ ఉండటం మరొకటి. 20 నిమిషాలకోసారి, 20 అడుగుల దూరంలోని దేన్నైనా 20 సెకన్లు చూడండి.

అపోహ: మెటల్ బాడీ ల్యాప్‌టాప్ తాకితే జివ్వుమనడం మామూలే.

వాస్తవం: మూడు పిన్నుల ప్లగ్ పెట్టినా జివ్వుమంటే ఎర్తింగ్ చూపించండి. ఎండాకాలంలో నేల ఎండి ఎర్త్ గుంత సరిగా పనిచేయకపోవచ్చు. అందులో అప్పుడప్పుడూ నీళ్లు పోస్తుండాలి.