రన్‌వే వచ్చింది, లెక్కలో మనుషులు ఏరీ?

భోగాపురం కొత్త విమానాశ్రయంలో 3,800 మీటర్ల రన్‌వే పడింది. 2026 జనవరిలో ఢిల్లీ నుంచి ఎయిరిండియా విమానం పరీక్షగా వచ్చి దానిమీద దిగింది. అప్పటి నుంచి విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో టీకొట్టు దగ్గరా పెళ్లి పందిట్లోనూ ఒకటే ప్రశ్న: దుబాయ్‌కి, లండన్‌కి, అమెరికాకి ఇక్కడే ఎప్పుడు ఎక్కుతాం? జవాబు కాంక్రీటులో కొంతే ఉంది. మిగతాది పాత ఒప్పందాల్లోనూ టికెట్ల లెక్కల్లోనూ ఉంది.

ఒకప్పుడు ఈ తీరం నుంచి దూరదేశానికి నేరుగా పోవడం కొత్త సంగతేం కాదు. భీమిలి, కళింగపట్నం, బారువ రేవుల్లో రంగూన్ పోయే ఆవిరి ఓడలు ఆగేవి. లోతు చాలక ఓడ నడిసంద్రంలోనే లంగరేసేది. కొబ్బరి తాడుతో పలకలు కుట్టిన మసూలా పడవల్లో మనుషుల్ని, మూటల్ని కెరటాలు దాటించి ఓడెక్కించేవారు. పలకలకు మేకులు కొడితే కెరటం దెబ్బకు విరుగుతాయి, కుట్టు అయితే వంగి సర్దుకుంటుంది. వరి కోతలకు, బియ్యం మిల్లులకు, రేవు పనికి ఉత్తరాంధ్ర పల్లెలకు పల్లెలే 'రంగం' (రంగూన్) పోయాయి. 1942లో జపాన్ సేనలు బర్మాలో అడుగుపెట్టడంతో ఆ దారి తెగింది. రేవులూ సద్దుమణిగాయి. ఆ తర్వాత ఇక్కడివాళ్లు దూరం పోవాలంటే ముందు రైలెక్కి ఇంకో ఊరు చేరాల్సిందే. ఎనభై ఏళ్లుగా అదే అలవాటు.

విశాఖ విమానాశ్రయం ఆ లోటు సగమే తీర్చింది. అది నేవీ వారి ఐఎన్ఎస్ డేగ స్థావరం. పౌర విమానాలకు అందులో ఒక మూల ఇచ్చారు. పాత రన్‌వే 1,829 మీటర్లు. తర్వాత 3,050 మీటర్లది వేశారు. పెద్ద విమానాలు రాకపోవడానికి రన్‌వే పొట్టిదవడమే కారణమని చాలామంది చెబుతారు. అది సగం నిజమే. సముద్ర మట్టానికి దగ్గరగా ఉన్నచోట బోయింగ్ 787కి 3,050 మీటర్లు మరీ తక్కువేం కాదు. అసలు చిక్కులు వేరు: నేవీ శిక్షణ వేళల్లో పౌర విమానాలకు స్లాట్లు (దిగే, ఎగిరే వేళలు) దొరకవు, చుట్టూ కొండలు, విమానాలు నిలిపే చోటు ఇరుకు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకు టెర్మినల్ కప్పు లేచిపోయింది.

అంత ఇరుకులోనూ 2011లో సింగపూర్ నుంచి సిల్క్ఎయిర్ వచ్చింది. దాని స్థానంలోకి తర్వాత స్కూట్ వచ్చింది. 2017లో శ్రీలంకన్ ఎయిర్‌లైన్స్ కొలంబోకి నడిపింది. కౌలాలంపూర్, బ్యాంకాక్ సర్వీసులూ వచ్చాయి. అన్నీ తూర్పు, దక్షిణాలకే, అన్నీ ఒకే నడవా ఉన్న చిన్న విమానాలే. గల్ఫ్ సంస్థలు ఎందుకు రాలేదో అర్థం కావాలంటే కాస్త వెనక్కి పోవాలి.

1944 డిసెంబరులో షికాగోలో 52 దేశాలు కూర్చుని రాసుకున్న ఒప్పందం ప్రకారం, ఒక దేశపు షెడ్యూల్డ్ విమానం ఇంకో దేశంలో దిగాలంటే ఆ దేశం అనుమతి ఉండి తీరాలి. అందుకే రెండేసి దేశాలు విడిగా ఒప్పందాలు రాసుకుంటాయి: వారానికి ఎన్ని సీట్లు, ఏయే ఊళ్లు. ఆసియాన్ (ఆగ్నేయాసియా) దేశాల సంస్థలకు మన ప్రభుత్వం 18 పర్యాటక నగరాలను తెరిచింది. ఆ జాబితాలో విశాఖ పేరు ఉంది. సింగపూర్, బ్యాంకాక్ విమానాలు విశాఖలో దిగడానికి దారి అదే. దుబాయ్‌ది వేరే కథ. ఒక్కో వైపు వారానికి సుమారు 66 వేల సీట్లన్న హద్దు 2014 నుంచి కదల్లేదు. ఉన్న సీట్లను దుబాయ్ సంస్థలు ఢిల్లీ, ముంబై, హైదరాబాద్ లాంటి ఊళ్లలోనే వాడేసుకుంటాయి. హద్దు పెంచితే మన సంస్థల అమెరికా, యూరప్ ప్రయాణికుల్ని దుబాయ్ మీదుగా లాక్కుపోతారని ఢిల్లీ భయం. ఆ భయం ఊరికే వచ్చింది కాదు. మన సంస్థలు మన వాటా సీట్లను ఏ ఊరి నుంచైనా వాడుకోవచ్చు. ఎయిరిండియా కొంతకాలం విశాఖ నుంచి హైదరాబాద్ మీదుగా దుబాయ్‌కి నడిపింది కూడా.

2016 పౌర విమానయాన విధానం ఇంకో గీత గీసింది. ఢిల్లీకి 5,000 కిలోమీటర్ల అవతల పూర్తిగా ఉన్న దేశాలతో, వాళ్లూ ఒప్పుకుంటే, సీట్ల హద్దు లేని ఒప్పందం చేసుకోవచ్చు. ఆ గీతకు ఇవతల ఉన్న గల్ఫ్‌కు ఆ వెసులుబాటు లేదు. తమాషా చూడండి: గల్ఫ్‌కు పోయే జనం మన ఊళ్లలో నిండా ఉన్నారు, విదేశీ సంస్థకు హక్కులు దొరకవు. యూరప్, అమెరికాలకు హక్కులు దొరుకుతాయి, లెక్కల్లో జనం కనబడరు. భోగాపురం పుట్టింది ఈ రెంటి మధ్య.

భోగాపురం మాట 2015లో గట్టిగా వచ్చినప్పుడు 15,000 ఎకరాలన్నారు. జీడి, కొబ్బరి, సరుగుడు తోటల రైతులు రోడ్డెక్కారు. తగ్గుతూ తగ్గుతూ చివరికి విమానాశ్రయానికి 2,203 ఎకరాలు తేలాయి. మరడపాలెం, ముడసర్లపేట, బొల్లింకలపాలెం, రెల్లిపేట ఊళ్లకు ఊళ్లే లేచి వేరేచోట స్థిరపడ్డాయి. మొదటి టెండరు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకి వచ్చినా రద్దయింది. రెండోసారి ఒక్కో ప్రయాణికుడికి 303 రూపాయలు ప్రభుత్వానికి కడతామని జీఎంఆర్ అనే ప్రైవేటు సంస్థ దక్కించుకుంది. శంకుస్థాపన రెండుసార్లు జరిగింది: 2019 ఫిబ్రవరిలో చంద్రబాబు నాయుడు చేతుల మీదుగా, 2023 మే 3న జగన్మోహన్ రెడ్డి చేతుల మీదుగా. పేరు అల్లూరి సీతారామరాజుది. మొదటి దశలో ఏటా 60 లక్షల మందికి సరిపోతుంది. 2024 జూన్ నుంచి కేంద్ర విమానయాన మంత్రి శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడే కావడంతో ఆశలు ఇంకాస్త పెరిగాయి. అయితే విమానాన్ని మంత్రి నడపడు, లాభనష్టాలు చూసుకునే సంస్థ నడుపుతుంది.

ఆ సంస్థ చూసే లెక్క ఇది. భోగాపురం నుంచి దుబాయ్, సింగపూర్ చెరొక 3,000 కిలోమీటర్లు. చిన్న విమానం చాలు. ఫ్రాంక్‌ఫర్ట్ సుమారు 7,400, లండన్ 8,000, శాన్‌ఫ్రాన్సిస్కో 13,000 పైమాటే. లండన్‌కి 300 సీట్ల బోయింగ్ 787-9 వారానికి నాలుగు రోజులు నడిచిందనుకుందాం. రానూపోనూ ఏడాదికి లక్షా పాతిక వేల సీట్లు. నూటికి ఎనభై నిండాలంటే రోజూ ఒక్కో వైపు 137 మంది కావాలి, ఏడాది పొడవునా. విద్యార్థుల రద్దీ ఆగస్టు, జనవరుల్లో వచ్చి పోతుంది. ఫిబ్రవరి, నవంబరు సంగతేమిటి? పైగా నడిచే ఖర్చులో పెద్ద భాగం ముందు వరుసల బిజినెస్ సీట్లు మోయాలి. వెనక సీట్లు నిండి ముందువి ఖాళీగా ఉంటే ఆ రూటు ఎన్నాళ్లో నిలవదు.

కొచ్చిని చూస్తే ఈ మాట తెలుస్తుంది. ఏటా కోటి మంది దాటే విమానాశ్రయం, ఇంటికొకరు విదేశంలో ఉండే రాష్ట్రం. 2020 ఆగస్టులో కొవిడ్ కాలపు ప్రత్యేక విమానంగా మొదలైన కొచ్చి–లండన్ ఎయిరిండియా సర్వీసు 2025 మార్చి చివర్లో ఆగింది. 2021 జనవరిలో మొదలైన హైదరాబాద్–షికాగో కూడా ఎక్కువకాలం నిలవలేదు. మన ఇంటి ఉదాహరణ విజయవాడ. 2018 డిసెంబరు 4న ఇండిగో సింగపూర్‌కి వారానికి రెండు విమానాలు మొదలుపెట్టింది. సీట్లు మిగిలితే లోటు రాష్ట్రం భరించాలన్నది షరతు. జనం బాగానే ఎక్కారు. 2019లో సర్కారు సొమ్ము ఆగింది, విమానమూ ఆగింది. సబ్సిడీతో రూటు మొదలుపెట్టడంలో తప్పు లేదు. సబ్సిడీ ఉన్న ఏడాది, రెండేళ్లలో ముందు వరుసల ప్రయాణికుల్నీ సరుకునీ కూడగట్టుకోకపోవడమే తప్పు.

ఇక నేలమీద పని. పెద్ద విమానం దిగాలంటే రన్‌వే ఒక్కటీ చాలదు. అగ్నిమాపక దళం స్థాయి విమానం పొడవును బట్టి పెరుగుతుంది. ఒకే నడవా ఉన్న ఎ320కి ఆరో కేటగిరీ, రెండు బళ్లు, 7,900 లీటర్ల నీరు సరిపోతాయి. 62.8 మీటర్ల 787-9కి తొమ్మిదో కేటగిరీ కావాలి: మూడు బళ్లు, 24,300 లీటర్ల నీరు, దానికి తగ్గ ఫోమ్, ఆ బళ్లు నడిపే మనుషులు మూడు షిఫ్టులకూ. రెక్కలు 60 మీటర్లుండే విమానానికి ట్యాక్సీవే (రన్‌వేకి పోయే దారి) మలుపులూ, పార్కింగ్ చోట్లూ అందుకు తగ్గట్టే ఉండాలి. లండన్‌కి పదకొండు గంటల ప్రయాణం, గంటకు అయిదున్నర టన్నుల ఇంధనం. రిజర్వుతో కలిపి ఒకసారికి సుమారు 85,000 లీటర్లు. భూగర్భ పైపులు లేకుండా 20,000 లీటర్ల బౌజర్లతో (ఇంధన ట్యాంకర్లతో) పోయాలంటే నాలుగైదు బళ్లు వరుసకట్టాలి. విశాఖలో హెచ్‌పీసీఎల్ రిఫైనరీ పక్కనే ఉండడం ఇక్కడి అదృష్టం.

చిన్న విషయాల దగ్గరే ఎక్కువ దెబ్బ తగులుతుంది. ఎ320లో సామాను చాలాచోట్ల చేత్తోనే పేర్చేస్తారు. 787 కడుపులోకి పోయేవి కంటెయినర్లు, ప్యాలెట్లు. హైలోడర్ అనే ఎత్తే యంత్రం ఒక్కటే ఉండి, అది మొరాయిస్తే సామానంతా నేలమీదే ఉండిపోతుంది. విమానాన్ని వెనక్కి నెట్టే టోబార్ 787కి వేరు. అందులో షియర్ పిన్ అని వేలెడు ఇనుప పిన్ను ఉంటుంది. తాకిడి ఎక్కువైతే విమానం ముక్కుచక్రం దెబ్బతినకుండా అది ముందు విరుగుతుంది. స్పేర్ పిన్ను లేకపోతే 300 మంది కూర్చున్న విమానం గేటు దగ్గరే నిలబడిపోతుంది. 787 లైసెన్సు ఉన్న ఇంజినీరు ఊళ్లో లేకపోతే చిన్న లోపానికి కూడా హైదరాబాద్ నుంచి మనిషి రావాలి. పదకొండు గంటల ప్రయాణానికి ఇద్దరు పైలట్లు చాలరు. వారానికి నాలుగే విమానాలైతే దిగిన సిబ్బంది తర్వాతి విమానం దాకా హోటల్లో ఒకటీ రెండు రోజులు ఖాళీగా ఉంటారు. ఆ గదుల బిల్లు కూడా రూటు ఖాతాలోనే. వాతావరణం బాగోలేకపోతే మళ్లాల్సిన చోటు ఇంకొకటి: పౌర విమానాలు విశాఖ నుంచి ఇక్కడికే మారాలన్నది ఒప్పందంలో భాగం కాబట్టి, పెద్ద విమానానికి 350 కిలోమీటర్ల భువనేశ్వర్ దాకానో, ఇంకా దూరాన ఉన్న హైదరాబాద్ దాకానో పోయేంత ఇంధనం అదనంగా మోసుకెళ్లాలి. తుపానుల కాలంలో ఇది తప్పదు.

వీటి పక్కన కాగితాల పని: కస్టమ్స్ నోటిఫికేషన్, ఇమ్మిగ్రేషన్ కౌంటర్లు, ఆరోగ్య తనిఖీ, మొక్కలు, జంతువుల క్వారంటైన్. అవతలి విమానాశ్రయంలో స్లాటు. షెడ్యూళ్లు మార్చి ఆఖరి ఆదివారం, అక్టోబరు ఆఖరి ఆదివారం మారతాయి. స్లాట్ల బేరసారాలు అంతకు నెలల ముందే ముగుస్తాయి. నిర్ణయం నుంచి మొదటి విమానం దాకా ఏడాది పైనే పడుతుంది. లండన్ హీత్రోలో స్లాటు దొరకడమే గగనం.

సరుకు కొంత ఊరట. భోగాపురం దాటి ఉత్తరానికి పోతే జాతీయ రహదారి మీద పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీలు. ఖరీదైన మందుల ముడిసరుకు విమానం కడుపులో పోతుంది. దానికి 2–8 డిగ్రీల గది ఒకటి, 15–25 డిగ్రీల గది ఒకటి, ఆ గది నుంచి విమానం దాకా ఎండ తగలని దారి కావాలి. మే నెలలో ఏప్రన్ (విమానాలు నిలిపే ఆరుబయలు) మీద ప్యాలెట్ అరగంట నిలబడితే చల్లగదిలో వారం ఉంచిన ఫలితం పోతుంది. పలాస జీడిపప్పు, గడ్డకట్టించిన రొయ్య ఓడలోనే పోతాయి, వాటిమీద ఆశ పెట్టుకోనక్కర్లేదు.

కొత్త ఆశ ఎ321 ఎక్స్ఎల్ఆర్. ఒకే నడవా, సుమారు 200 సీట్లు, 8,700 కిలోమీటర్ల దాకా పోగలదని తయారీదారు మాట. 787 నింపాలంటే రోజుకు 137 మంది కావాల్సిన చోట దీనికి 90 మంది చాలు. కానీ 8,700 అన్నది ఎదురుగాలి లేనప్పటి అంకె. పడమటికి పోయే విమానానికి ఎదురుగాలి. 2025 ఏప్రిల్ నుంచి పాకిస్తాన్ గగనతలం మన సంస్థలకు మూసి ఉండటంతో చుట్టు తిరగాలి. లండన్ దానికి అంచు మీద ఉన్న ఊరు, నిండుగా ఎక్కించుకుంటే కష్టం. ఇస్తాంబుల్, ఏథెన్స్ సుఖంగా అందుతాయి.

చివరికి మళ్లీ మనుషుల లెక్క దగ్గరికే వస్తాం. సంస్థలు రూటు వేసేముందు కొనేది టికెట్ల డేటా: ఎక్కిన ఊరు, దిగిన ఊరు, కట్టిన ధర. పలాస కుర్రాడు ఫలక్‌నుమా ఎక్కి సికింద్రాబాద్‌లో దిగి, శంషాబాద్ నుంచి లండన్ పోతే ఆ డేటాలో అతను హైదరాబాద్ ప్రయాణికుడు. ఆమదాలవలస రిగ్గరు (బరువులెత్తి బిగించే పనివాడు) చెన్నై నుంచి దోహా పోతే చెన్నైవాడు. విశాఖ నుంచి హైదరాబాద్‌కి ఒక టికెట్, అక్కడి నుంచి లండన్‌కి ఇంకో టికెట్ విడివిడిగా కొన్నా అంతే, రెంటికీ సంబంధం లేదు. ఒకే పీఎన్‌ఆర్ (బుకింగ్ నంబరు) మీద విశాఖ–లండన్ అని తీసుకుంటేనే ఆ మనిషి ఉత్తరాంధ్ర ఖాతాలో పడతాడు. అలా తీసుకుంటే సామాను కూడా హైదరాబాద్‌లో దించి మళ్లీ ఎక్కించుకునే పని తప్పుతుంది, మొదటి విమానం ఆలస్యమైతే రెండోదానికి జవాబుదారీ సంస్థదే. ధర వెయ్యీ రెండువేలు ఎక్కువుండొచ్చు. ఏజెంట్లు మాత్రం చౌకగా పడుతుందని విడివిడి టికెట్లే కోస్తారు. దుబాయ్, దోహాలకు చిన్న విమానం ముందు వస్తుంది, దాని తర్వాతే పెద్దది. ఆ చిన్నదాన్ని ఏ ఊరికి, వారానికి ఎన్నిసార్లు వేయాలో సంస్థ ఈ ఖాతా చూసే తేల్చుకుంటుంది.