వెంటిలేటర్ పెడితే ఇక ఆశ లేనట్టేనా? ఐసీయూ గురించి అపోహలు - వాస్తవాలు

ప్రాణాపాయంలో ఉన్న రోగికి చికిత్స చేసేటప్పుడు మందుల కొరత, పడకల కొరత ఎంత ఇబ్బంది పెడతాయో, ఐసీయూ తలుపు బయట పుట్టే భయాలూ అంతే ఇబ్బంది పెడతాయి. ఎవరో చెప్పిన మాట నమ్మి కుటుంబం ఒప్పుకోవలసిన చికిత్సకు గంటల తరబడి ఆలస్యంగా ఒప్పుకుంటుంది. మరికొన్నిసార్లు, ఫలితం లేదని తెలిసిన చికిత్సను ఆపమని చెప్పలేక నలిగిపోతుంది. ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల కుటుంబాల నోట ఐసీయూ వైద్యుడిగా నేను తరచుగా వినే మాటలను ఇక్కడ ఒక్కొక్కటిగా తీసుకుంటున్నాను.

అపోహ: వెంటిలేటర్ పెట్టారంటే మనిషి ఇక దక్కడు.

వాస్తవం: రోగి తనంతట తాను తీసుకోలేని ఊపిరిని వెంటిలేటర్ అందిస్తుంది. జబ్బును అది నయం చేయదు. మందులు పనిచేసి శరీరం కోలుకునేదాకా గడువు ఇస్తుంది. 1952లో కోపెన్‌హాగెన్ నగరంలో పోలియో విజృంభించి ఊపిరి కండరాలు చచ్చుబడిన రోగులు వరుసగా చనిపోతున్నప్పుడు, బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు వైద్యుడు గొంతు దగ్గర రంధ్రం చేసి గొట్టం అమర్చి, వైద్య విద్యార్థులను వంతులవారీగా కూర్చోబెట్టి రాత్రింబవళ్లు చేత్తో రబ్బరు సంచి నొక్కించి ఊపిరి ఇప్పించారు. మరణాలు గణనీయంగా తగ్గాయి. ఈనాటి ఐసీయూలు ఆ ప్రయత్నం నుంచి ఎదిగినవే.

వెంటిలేటర్ మీద ఉన్నవారిలో మరణాలు ఎక్కువగా కనిపించడానికి మొదటి కారణం, అందరికంటే తీవ్రంగా జబ్బుపడినవారికే అది పెట్టడం. రెండో కారణాన్ని వైద్యులు దాచకూడదు: సరిగా వాడకపోతే ఆ యంత్రం కూడా ఊపిరితిత్తులను గాయపరుస్తుంది. ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిన్న రోగులకు ఒక్కో ఊపిరిలో కిలో బరువుకు 12 మిల్లీలీటర్ల గాలి ఇవ్వడం బదులు 6 మిల్లీలీటర్లే ఇస్తే మరణాలు సుమారు 40 శాతం నుంచి 31 శాతానికి తగ్గాయని 2000లో అమెరికాలో వెలువడిన పరిశోధన తేల్చింది. ఆ బరువును కూడా రోగి ఎత్తును బట్టి లెక్కగడతారు. అందుకే రోగి మంచం పక్కన నర్సు గంట గంటకూ అంకెలు రాసుకుంటూ కనిపిస్తుంది. యంత్రం ఒక్కటే ఉండి, దాన్ని కనిపెట్టుకుని ఉండే మనుషులు లేని చోట దాని వల్ల కలిగే మేలు చాలా తక్కువ.

అపోహ: చనిపోయిన మనిషిని కూడా వెంటిలేటర్ మీద ఉంచి బిల్లు పెంచుతారు.

వాస్తవం: ఈ అనుమానం వెనుక అప్పుచేసి, భూమి తాకట్టుపెట్టి వైద్యం చేయించుకున్న కుటుంబాల బాధ ఉంది కనుక దీన్ని నేను కొట్టిపారేయను. అయితే గుండె ఆగిపోయిన శరీరానికి వెంటిలేటర్ ఎంత గాలి పంపినా రక్తం తిరగదు. శరీరం చల్లబడుతుంది, కొన్ని గంటల్లోనే బిగుసుకుపోతుంది. దాన్ని రోజుల తరబడి ఎవరూ దాచలేరు. మెదడు పూర్తిగా చనిపోయినా గుండె కొంతకాలం కొట్టుకునే స్థితి వేరు. అవయవ దానం కోసం ఆ స్థితిని నిర్ధారించే పద్ధతిని 1994 నాటి చట్టం, దాని నిబంధనలు స్పష్టంగా చెప్పాయి: నలుగురు వైద్యుల బృందం కనీసం 6 గంటల వ్యవధితో రెండుసార్లు పరీక్షించాలి. అనుమానం ఉన్న కుటుంబం రోగిని చూపించమని, మానిటర్‌లోని అంకెలను వివరించమని, రోజువారీ ఖర్చు రాసివ్వమని అడగవచ్చు. అడిగినందుకు విసుక్కునే హక్కు వైద్యుడికి లేదు. ఆరోగ్యశ్రీ పథకం 2007లో మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. కార్డు ఉన్నవారు ఆస్పత్రిలో చేరిన రోజే ఆ విషయం చెబితే చాలా అప్పులు తప్పుతాయి.

అపోహ: పాము కరిచిన చోట వాపు లేదు, నొప్పి లేదు, కాబట్టి విషం ఎక్కలేదు.

వాస్తవం: మా ప్రాంతంలో ప్రాణాలు తీస్తున్న నమ్మకాల్లో ఇది ముఖ్యమైనది. కట్లపాము ఎక్కువగా రాత్రివేళ, నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది. కోరల గుర్తు కూడా కనిపించకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతులు వస్తే తిన్నది పడలేదనుకుంటారు. ఆ తర్వాత కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, మింగడం కష్టమవుతుంది, చివరకు ఊపిరి కండరాలు ఆగిపోతాయి. పసరు పోయించి, మంత్రం వేయించి, తాడు బిగించి కట్టి వచ్చేసరికి, విరుగుడు మందు బాగా పనిచేసే సమయం దాటిపోతుంది, ఎందుకంటే విషం నరాల చివరలను ఒకసారి దెబ్బతీశాక ఆ పక్షవాతాన్ని మందు వెనక్కి తిప్పలేదు; నరాలు మళ్లీ అతుక్కునేదాకా రోజులు, ఒక్కోసారి వారాలు వెంటిలేటరే ఊపిరి ఇవ్వాలి.

ఇక్కడే మరొక ప్రమాదం పొంచి ఉంది. కట్లపాము కరిచిన రోగి కళ్లు తెరవలేడు, వేలు కదపలేడు, కంటిపాపలు వెలుతురుకు స్పందించకపోవచ్చు. చూసేవారికి మెదడు చనిపోయినట్టే అనిపిస్తుంది. నిజానికి ఆ రోగికి స్పృహ ఉండి, చుట్టూ మాట్లాడేదంతా వినబడుతూ ఉండవచ్చు. సకాలంలో ఊపిరి అందిన రోగి పూర్తిగా కోలుకుని నడుచుకుంటూ ఇంటికి వెళ్లవచ్చు. ఈ దశలో ‘ఇక లాభం లేదు, తీసుకుపోతాం’ అనే కుటుంబాన్ని ఆపడానికి నేను ఎంతసేపైనా మాట్లాడతాను. పామును చంపి తీసుకురావడం కూడా అనవసరం. మన దేశంలో దొరికే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటి విషానికీ పనిచేస్తుంది. కరిచిన కాలు కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయడమే చేయవలసిన పని.

అపోహ: పురుగుల మందు తాగిన మనిషికి కడుపు కడిగారు, లేచి మాట్లాడుతున్నాడు, గండం గడిచినట్టే.

వాస్తవం: పత్తి చేలల్లో కొట్టే చాలా పురుగుల మందులు ఆర్గానోఫాస్ఫేట్ జాతికి చెందినవి. అట్రోపిన్ అనే విరుగుడు మందుతో నోట్లో నురగ తగ్గి, మెలకువ వచ్చి, రోగి బంధువులను గుర్తుపట్టి మాట్లాడిన తర్వాత కూడా, ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్యలో మెడ కండరాలు, ఊపిరి కండరాలు హఠాత్తుగా బలహీనపడవచ్చు. దిండు మీద నుంచి తల ఎత్తలేకపోవడం దీనికి తొలి గుర్తు. సరిగ్గా ఆ రోజుల్లోనే ‘బాగానే ఉన్నాడు కదా’ అని ఇంటికి తీసుకుపోయిన రోగులు దారిలోనో, ఇంట్లోనో ఊపిరాడక చనిపోతారు. ఇంట్లో ఉప్పునీళ్లు, సబ్బునీళ్లు తాగించి వాంతి చేయించడం వల్ల ఆ ద్రవం ఊపిరితిత్తుల్లోకి పోయి హాని పెరుగుతుంది. తడిసిన బట్టలు తీసేసి, ఒంటిని సబ్బుతో కడిగి, మందు డబ్బాతో సహా ఆస్పత్రికి తీసుకురావాలి.

గడ్డి మందుగా వాడే పారాక్వాట్ సంగతి ఇంకా కఠినమైనది. దానికి విరుగుడు లేదు. రోగి చాలాసార్లు మొదటి రోజుల్లో స్పష్టంగా మాట్లాడతాడు. మూత్రపిండాలు దెబ్బతిని, ఆ తర్వాత ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి. ఆక్సిజన్ ఈ విషం చేసే నష్టాన్ని పెంచుతుంది కనుక రక్తంలో ఆక్సిజన్ బాగా పడిపోతే తప్ప ఇవ్వం. ‘ఆయాసపడుతున్న మనిషికి ఆక్సిజన్ ఎందుకు పెట్టరు’ అని అన్నదమ్ములు నిలదీసినప్పుడు ఈ వివరణ ఇవ్వడం నా వృత్తిలో అన్నింటికంటే బరువైన పని. తాగిన తర్వాత బతకాలని కోరుకునే రోగులను చాలామందిని చూస్తాం. ఇంట్లో ఎవరైనా చావు మాట ఎత్తితే తేలికగా తీసుకోకుండా, మందు డబ్బాలను అందకుండా దాచి, మానసిక ఆరోగ్య సహాయం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఆ నంబరులో తెలుగులో మాట్లాడవచ్చు.

అపోహ: గొంతులో గొట్టం వేయడం చిన్న పని, ఆలస్యమైందంటే డాక్టరుకు చేతకాలేదనే అర్థం.

వాస్తవం: నల్లగొండ జిల్లాలోని మునుగోడు, మర్రిగూడ వైపు నుంచి వచ్చే పెద్దవయసు రోగుల్లో కొందరికి ఇది చాలా కష్టమైన పని. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితిని మించి ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లను దశాబ్దాల పాటు తాగిన తరం అది. వెన్నెముక చుట్టూ ఉండే కణజాలం ఎముకలా గట్టిపడి మెడ వెనక్కి వంగదు. పక్కటెముకలు బిగుసుకుపోవడంతో ఛాతీ కూడా సరిగా విచ్చుకోదు. వీరికి కెమెరా ఉన్న పరికరం, అనుభవం ఉన్న రెండో వైద్యుడు, గొంతు ముందు భాగంలో దారి చేయడానికి కావలసిన సామగ్రి సిద్ధంగా పెట్టుకున్న తర్వాతే మత్తు ఇవ్వాలి. ఇంట్లో పెద్దవారికి ఫ్లోరోసిస్ ఉంటే చేర్చుకునేటప్పుడే చెప్పండి.

అపోహ: సెలైన్ ఎక్కిస్తే బలం వస్తుంది.

వాస్తవం: లీటరు సెలైన్‌లో 9 గ్రాముల ఉప్పు, నీళ్లు తప్ప మరేమీ లేవు. అవసరానికి మించితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. బలం ముక్కు గొట్టం ద్వారా ఇచ్చే ఆహారంతో వస్తుంది. మూత్రపిండాలు పనిచేయని రోగికి నర్సుకు చెప్పకుండా కొబ్బరినీళ్లు పట్టకండి. అందులోని పొటాషియం గుండెను ఆపగలదు.

అపోహ: ఐసీయూలో రోగి ఎవరో వచ్చారంటున్నాడు, తిడుతున్నాడు, గాలి సోకింది, లేదా పిచ్చెక్కింది.

వాస్తవం: తీవ్రమైన ఇన్ఫెక్షన్, నిద్రలేమి, మత్తుమందులు, పగలూ రాత్రీ తేడా తెలియని గది కలిసి మెదడును తాత్కాలికంగా గందరగోళపరుస్తాయి. జబ్బు తగ్గుతుంటే చాలామందిలో ఇది కూడా తగ్గుతుంది. తాయెత్తు కట్టినందువల్ల మాకు అభ్యంతరం లేదు, కానీ అంతకంటే పనికివచ్చేవి అతని కళ్లద్దాలు, వినికిడి యంత్రం, దగ్గర కూర్చుని ‘అన్నా, ఇది ఆస్పత్రి, ఈ రోజు మంగళవారం, నేను నీ చెల్లెను’ అని నెమ్మదిగా చెప్పే సొంత మనిషి గొంతు. బంధువులను పూర్తిగా బయటే ఉంచే పద్ధతి మారాలని నా అభిప్రాయం. చేతులు కడుక్కుని ఒకరు లోపల కూర్చోవడం వల్ల రోగికి మేలే జరుగుతుంది.

అపోహ: ఒకసారి వెంటిలేటర్ పెట్టాక తీయడానికి చట్టం ఒప్పుకోదు.

వాస్తవం: కోలుకునే అవకాశం లేని రోగికి ప్రాణాధార చికిత్సను ఆపడానికి 2018 మార్చిలో సుప్రీంకోర్టు అనుమతించి, 2023 జనవరిలో ఆ పద్ధతిని సులభం చేసింది. చికిత్స చేస్తున్న వైద్యుడితో కూడిన బృందం మొదట తేల్చాలి, మరొక బృందం దాన్ని సమీక్షించాలి, కుటుంబం అంగీకరించాలి. ఆపడం అంటే వదిలేయడం అని అర్థం కాదు. ఆయాసం, నొప్పి తెలియకుండా మార్ఫిన్ ఇస్తాం, కుటుంబాన్ని పక్కన కూర్చోబెడతాం. ఊపిరి ఉండగానే ఇంటికి చేర్చాలని కోరుకునేవారు చివరి గంటలో అంబులెన్సు కోసం పరుగెత్తకుండా ఒక రోజు ముందే చెబితే, దారికి సరిపడా ఆక్సిజన్, మందులు, తోడు వచ్చే నర్సు, ఇంటి దగ్గర ఏం చేయాలో రాసిన కాగితం ఏర్పాటు చేయగలుగుతాం.